వెనక్కి తిరిగిన మీటర్

“అక్కా, టైమెంత? మూడూ ముప్పై ఎనిమిదా? అయితే ఇంకా ఇరవై రెండు నిమిషాలు. అందరికీ టీ పొయ్యి, నేనిప్పిస్తున్నా.”

టీ కొట్టు అక్క గిన్నె దించబోయి ఆగి, అతన్ని ఎగాదిగా చూసింది. నోరు తెరిస్తే అంకెలు రాల్తాయని ఆ వీధిలో అతనికి మీటర్ అని పేరు. మీటర్ టీ ఇప్పించడం ఎవరూ ఎరగరు. టైలర్ మామ, సైకిల్ షాపు అన్న బల్ల మీద సర్దుకుని కూర్చున్నారు. పాత ఇనుము కొనే బాబాయి మాత్రం తన వ్యానుకి ఆనుకునే గ్లాసు అందుకున్నాడు. మీటర్ కూర్చోలేదు.

“అదిగో, ఎదురు షెడ్డులో పెద్ద టీచర్ గారి కారు. వాళ్ళాయన పోయాక తాళం వేశారు. ఇరవై మూడేళ్ళు. అంటే ఎనిమిది వేల మూడొందల తొంభై అయిదు రోజులు, లీపు రోజులు వేరే. ‘నాలుగింటికి వస్తా. షెడ్డు గేటు దగ్గరికొచ్చేసరికి ఇంజన్ చప్పుడు వినపడాలి. వినపడితే కారు ఉంటుంది, షెడ్డులో నువ్వు వర్క్‌షాపు పెట్టుకో. వినపడకపోతే పాత ఇనుముకి వేసేస్తా’ అన్నారు. ఉద్యోగం మానేసి సొంతంగా పట్టిన మొదటి పని నాకిది. నువ్వెందుకొచ్చావో నాకు తెలుసులే బాబాయ్. టీ తాగి ఖాళీ వ్యానుతో వెళ్దువుగాని.”

“టీ అయితే తాగుతా. వ్యాను సంగతి నాలుగింటికి చూద్దాం,” అన్నాడు బాబాయి.

“చూద్దువుగాని. మొదట బానెట్ ఎత్తానా, ఎయిర్ ఫిల్టర్‌లో ఎలకల కాపురం. పదకొండు పిల్లలు, తల్లితో పన్నెండు. ఒక్కదానికీ దెబ్బ తగలకుండా అట్టపెట్టెలోకి మార్చాను. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు, నేనేం గొప్ప చెప్పుకోవట్లేదు. ఇంజన్ పట్టేసింది. నాలుగు పిస్టన్లూ తుప్పుతో అతుక్కుపోయాయి. ప్లగ్గులు తీసి, ఆ కన్నాల్లోంచి నూనె పోసి, తొమ్మిది రోజులు నానబెట్టాను. పదో రోజు చెవి ఆనించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“తుమ్మిందా?” అన్నాడు సైకిల్ షాపు అన్న.

“మూడో పిస్టన్ కదిలింది అన్నా! వెంట్రుకవాసి. ‘నువ్వు మూడోదానివి కదూ’ అన్నాను. అప్పట్నుంచి చప్పుడు వింటే చాలు, ఏ సామానో చెప్పేస్తున్నా. ఇంజన్ మొత్తం విప్పేశాను. వెయ్యిన్నూట నలభై రెండు సామాన్లు, కళ్ళకి గుడ్డ కట్టుకుని...”

“గుడ్డ ఎందుకురా?” అన్నాడు టైలర్ మామ.

“కళ్ళలో తుప్పు పడుతుందని మామా! ఆ తర్వాత వాల్వులు. ఎనిమిది. గరుకు పేస్టు రాసి, ఒక్కోదాన్నీ అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాలి. ఒక్కోటి నాలుగు వేల తిప్పులు. ఎనిమిది నాలుగులు ముప్పై రెండు, ముప్పై రెండు వేల తిప్పులు, మధ్యలో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. చివరికి అరచేతులు ఎంత కాలాయంటే, చల్లారిన టీ పట్టుకుంటే మరిగిపోయింది. టైమెంత అక్కా?”

“మూడూ నలభై ఆరు. ఏదీ, ఈ గిన్నె పట్టుకో. గ్యాసు కలిసొస్తుంది,” అంది అక్క.

“ఇప్పుడు చల్లబడ్డాయి అక్కా.” మీటర్ టీ గ్లాసు లేని చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, వీధి చివరికి ఓ చూపు చూసి, మళ్ళీ అందుకున్నాడు. “పిస్టన్ రింగులు ఎక్కడా దొరకలేదు. లేత్ మీద నేనే తిప్పుకున్నా, పదిహేడు నిమిషాల్లో పన్నెండు. అంతా బిగించేశాను. నట్టు ఒక్కటి కూడా మిగల్లేదు, పైగా రెండు తక్కువొచ్చాయి. స్టార్ట్ చేశాను. చేస్తే చప్పుడే లేదు!”

“అవలేదన్నమాట.”

“అయింది మామా! అంత మెత్తగా నడుస్తోంది. ఇంజన్ మీద నిండు గ్లాసు టీ పెట్టాను, తొణకలేదు. ఈగ వచ్చి వాలి అక్కడే నిద్రపోయింది. ట్యాంకు చూస్తే చుక్క పెట్రోలు లేదు. నేను చేతులు తుడుచుకున్న గుడ్డ ఉందే, దాని వాసనకి నడుస్తోంది! సరే కదాని రోడ్డెక్కించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీటర్ వెనక్కి తిరగడం మొదలెట్టింది.”

“నువ్వా, కారుదా?” అన్నాడు సైకిల్ షాపు అన్న.

“కారుది! ఎనభై నాలుగు వేల దగ్గరుండేది, కిలోమీటరుకి వెయ్యి చొప్పున తగ్గుతోంది. అరవై వేలకి తుప్పు రాలిపోయింది. నలభైకి సీట్ల చిరుగులు వాటంతటవే కుట్టుకున్నాయి, నీ అవసరం లేకుండా మామా. ఇరవైకి రంగు నిగనిగలాడింది. రెండు వేలకొచ్చేసరికి సీట్లకి ప్లాస్టిక్ కవర్లు వచ్చేశాయి! లెక్కేశాను. ఇంకో రెండు కిలోమీటర్లు పోతే సున్నా. సున్నా దాటితే? కారు రేకవుతుంది, రేకు మన్నవుతుంది, నేను స్టీరింగు పట్టుకుని గనిలో కూర్చోవాలి! గబుక్కున బ్రేకు తొక్కి, వచ్చిన ఎనభై రెండు కిలోమీటర్లూ రివర్సులో వెనక్కొచ్చాను. దాంతో తుప్పు తిరిగొచ్చింది, చిరుగులు తిరిగొచ్చాయి. అందుకే మీకిప్పుడది పాతగా కనపడుతోంది. టైమెంత?”

“మూడూ యాభై మూడు.”

సైకిల్ షాపు అన్న గ్లాసు కింద పెట్టి లేచాడు. “పద అయితే, స్టార్ట్ చెయ్యి. నేను ఈగని పట్టుకొస్తా.”

మీటర్ తన గ్లాసులోకి చూశాడు. ఎంతసేపట్నుంచో చేతిలో ఉన్న టీ మీద మీగడ కట్టింది.

“అదే... సెల్ఫ్ కొంచెం...”

“సెల్ఫ్ కొంచెం?”

“కొడితే టిక్కుమంటోంది. అంతే.” అతని గొంతు తగ్గింది. “ఇంజన్ బాగుందన్నా. ఒట్టు. పొద్దున నిజంగానే నడిచింది. నలభై సెకన్లు. తర్వాత ఆగిపోయింది, మళ్ళీ కొడుతుంటే సెల్ఫ్ మోటార్ కాలిపోయింది.”

నలభై సెకన్లు అనేసరికి ఎవరూ నవ్వలేదు.

“ముందునుంచి హ్యాండిల్ రాడ్డు పెట్టి తిప్పొచ్చుగా?” అన్నాడు టైలర్ మామ.

బాబాయి దగ్గాడు. “అది పోయినేడాది టీచరమ్మ నాకు వేసేసింది. ఈపాటికి కరిగి ఏ తలుపు గడియో అయ్యుంటుంది.”

అక్క స్టవ్ కట్టేసింది. “అంటే ఈ టీలు కారు తొయ్యడానికా? కారు సెల్ఫ్ పోయిందని ఇంతసేపూ నీ సెల్ఫ్ డబ్బా కొడుతున్నావా?”

“నలుగురు చాలక్కా.” మీటర్ చెవులు ఎర్రబడ్డాయి. “మీరు ముగ్గురున్నారు.”

అందరూ బాబాయి వైపు చూశారు. అతను వ్యాను వైపు, షెడ్డు వైపు చూసి, మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

“రాడ్డు పట్టుకుపోయింది నేనేగా. పద.”

మీటర్ స్టీరింగు ముందు కూర్చుని రెండో గేరు వేశాడు. నలుగురూ కారుని షెడ్డులోంచి వీధిలోకి తోశారు. మొదటిసారి క్లచ్ వదిలితే కారు ఎగిరిపడి ఆగింది. రెండోసారి దగ్గి, టైలర్ మామ తెల్లచొక్కా మీదికి నల్లటి పొగ వదిలింది. వీధి చివర గొడుగు కనిపించింది. పెద్ద టీచర్ ఒక్క నిమిషం ముందొస్తారు గానీ ఆలస్యంగా వచ్చే మనిషి కాదు.

“ఇంకొక్కసారి!” అరిచాడు మీటర్. ఈసారి అంకె చెప్పలేదు.

మూడోసారి ఇంజన్ అందుకుంది. అందుకుని భోరుమంది. టీ కొట్టులో గ్లాసులన్నీ గజగజలాడాయి, ఒకటి కిందపడి పగిలింది. గేటు దగ్గర గొడుగు ఆగిపోయింది. పెద్ద టీచర్ గొడుగు దించి, కళ్ళజోడు తీసి, ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు.

మీటర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. “టీచర్ గారూ! ఇది ఎంత మెత్తగా నడుస్తుందో తెలుసా? దీని మీద నిండు గ్లాసు టీ...”

ఇంజన్ చప్పుడు సన్నబడి, ఓసారి ఎక్కిళ్ళు పెట్టింది.

బాబాయి రొప్పుతూనే కారు టాపు మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు.

“నోరు మూసుకుని యాక్సిలరేటర్ తొక్కరా!”