మెర్రన్‌కి ఇంకా ఎవరూ చెప్పలేదు

కొట్టనీ. ఆ హారన్ అరిగిపోయేదాకా కొట్టనీ. మా అన్నయ్యే, ఎర్లెండ్. వ్యాన్లోనే కూర్చోమన్నాను. "నువ్వొక్కదానివే ఏం మాట్లాడతావే థోరా ఆ అమ్మాయితో?" అంటాడు. చూశావా! నాకు మనిషిని పెట్టుకునేది నేను. వాడా? వాడికి గొర్రెలున్నాయి కదా, వాటితో మాట్లాడుకోమను.

కూర్చో... అయ్యో, అందులో కాదు! ఆ కుర్చీ మెర్రన్‌ది. ఇటు రా, కిటికీ పక్కకి. ఇక్కణ్ణించి సముద్రం కూడా కనపడుతుంది.

నీ పేరు నెస్సా కదూ? పీతల ఫ్యాక్టరీలో చేశావట. చేతులలా దాచుకోకు. ఆ వాసన నాకేం చెడ్డగా ఉండదు. నిన్ను "మీరు" అనాలా, "నువ్వు" అనాలా? నువ్వనే అంటాలే. యజమానిని కదా!

నవ్వితే నవ్వావు గానీ, నిజంగానే యజమానిని.

నీకు చెప్పారో లేదో. నా బుర్ర పుట్టినప్పట్నుంచీ నిదానం. అక్షరాలు పట్టి పట్టి చదువుతా. పొయ్యి మీద ఏదన్నా పెట్టానా, కిటికీలోంచి ఓ పక్షి పోయిందంటే చాలు, దాంతోపాటు నేనూ పోతా. ఇక్కడ గిన్నె మాడిపోతుంది. బస్సులో దిగాల్సిన చోట దిగను. అందుకని నాకు పక్కన ఓ మనిషి ఉండాలి. మొయ్యక్కర్లేదు, చెయ్యి పట్టుకుని లాగక్కర్లేదు. పక్కన ఉంటే చాలు. ఇదేం పెద్ద కోరికా చెప్పు?

ఇదివరకు నన్ను చూసుకోటానికి ఏజెన్సీ వాళ్ళు వచ్చేవాళ్ళు. నీలం చొక్కాలు. ఇవాళ ఒకామె, రేపు ఇంకొకామె. పేరు నేర్చుకునేలోపే మొహం మారిపోయేది. నా తర్వాత వాళ్ళకి ఇంకా ఇళ్ళుండేవట, అందుకని సాయంత్రమే నన్ను పడుకోబెట్టేసేవాళ్ళు. జూన్‌లో! ఇంత ఉత్తరాన మన దీవుల్లో జూన్‌లో రాత్రయినా సూర్యుడే పడుకోడు, నన్ను పడుకోమంటారా? బయట పిల్లలు బంతాట ఆడుతుంటే నేను దుప్పటి కింద. అల్లికలోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా మొహం మీద పడేది. వాటికి పేర్లు పెట్టుకునేదాన్ని.

తర్వాత కౌన్సిల్ వాళ్ళు, మనిషిని పెట్టుకునే డబ్బు, బడ్జెట్ అంటారు దాన్ని, నా పేరు మీదే ఇచ్చేశారు. ఎవర్ని పెట్టుకోవాలో, ఎప్పుడు రమ్మనాలో, ఏం చెయ్యమనాలో, అంతా నా ఇష్టం. వద్దనటం కూడా నా ఇష్టమే. అబ్బ, ఎంత బాగుంటుందో వద్దనటం! మొదట్లో అన్నిటికీ వద్దన్నాను. టీ కూడా వద్దన్నాను. తర్వాత దాహమేసిందనుకో.

అప్పుడొచ్చింది మెర్రన్.

ఎర్ర ఉన్ని శాలువా, తడి జుట్టు, చేతుల నిండా సంచులు. అదుగో ఆ వెనక తలుపులోంచి వచ్చింది. అందరూ వచ్చి "ఏం కావాలమ్మా థోరా?" అని అడిగేవాళ్ళు, పసిపిల్లనడిగినట్టు. మెర్రన్ అలా కాదు. సంచులు కింద పెట్టి, ఆ కుర్చీలో కూలబడి, "ముందు నన్నో నిమిషం ఊపిరి పీల్చుకోనీ. ఏం గాలే తల్లీ, నా ఎముకలు లెక్కపెట్టేసింది" అంది. అంతే. ఈవిడే నా మనిషి అనుకున్నాను.

ఇద్దరం ఒడ్డుకెళ్ళి కూర్చునేవాళ్ళం. ఏమీ చెయ్యకుండా, ఊరికే గాలి వినేవాళ్ళం. గాలికి చాలా గొంతులున్నాయి, తెలుసా? రాళ్ళ గోడ మీద ఒకటి, గడ్డిలో ఒకటి, మన చెవి అంచున ఇంకోటి. కౌన్సిల్ నించి ఆఫీసావిడ వచ్చి, "గాలి వినటం వల్ల నీకేం లాభం థోరా?" అనడిగింది. మెర్రనేమో, "మీరెప్పుడన్నా విన్నారా మేడమ్?" అంది. ఆవిడ ఇంకేం రాసుకోలేదు.

నిన్నొకటి అడగాలి. ఇది ఇంటర్వ్యూ కదా మరి. నేను ప్రేమలో ఉన్నానంటే ఏం చేస్తావ్?

ఊఁ. ఊరికే అలా చూడకు. ఫెర్రీ మీద తాడు విసిరే సిగుర్డ్ ఉన్నాడే, అతను. తాడు గాల్లో గుండ్రంగా తిరిగి వచ్చి గుంజకి పడుతుంది చూడు, నా గుండెకే పడ్డట్టుంటుంది. ఏజెన్సీ అమ్మాయితో ఓసారి చెప్పాను. వెళ్ళి ఆఫీసు కాగితాల్లో రాసేసింది. నా ప్రేమ మీద మీటింగ్ పెట్టారమ్మా! పెద్దవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, బిస్కెట్లు తింటూ! మెర్రన్‌తో చెబితే మటుకు, "మంచి భుజాలే. చేతులూపుదాం పద" అంది. ఇద్దరం ఊపాం. అతను టోపీ తీశాడు. హాల్లో డాన్స్ రోజున నాతో ఓ పాటకి అడుగులేశాడు కూడా. మెర్రన్ గోడ దగ్గర నిలబడి శాలువాతో కళ్ళు తుడుచుకుంది. పొగ అంది. పొగెక్కడుంది అక్కడ?

నా చేతులు చూస్తున్నావా? ఇలా రెండూ బల్ల మీద పరుచుకోవాలి, లేకపోతే వేళ్ళు కొరికేసుకుంటా. మెర్రన్ నేర్పింది.

ఆఁ...

విన్నావా? వెనక తలుపు గొళ్ళెం. నాకంటే ముందు నువ్వే చూశావు అటు.

గాలేమోలే. గాలే. టీ తాగు, చల్లారిపోతోంది. ఆ బార్లీ రొట్టె తిను. నేనే చేశా, ఓ వైపే మాడింది.

అసలు సంగతి చెప్పాలి నీకు. చెప్పకుండా పనిలో పెట్టుకుంటే మోసమవుతుంది.

మెర్రన్ వాళ్ళది పక్క దీవి. రోజూ రెండు దీవుల మధ్య సముద్రంలో వేసిన ఆ కట్ట మీదుగా కారులో వచ్చేది. ఆ చలికాలం, నీకూ గుర్తుండే ఉంటుంది, సముద్రం కట్ట దాటి అవతల పడింది చూడు. ఆ పొద్దున నేను కెటిల్ పెట్టాను. రెండు కప్పులు పెట్టాను. కెటిల్ అరిచి అరిచి ఊరుకుంది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఊరుకుంది. తర్వాత ముందు తలుపు కొట్టారెవరో. మెర్రన్ ముందు తలుపు ఎప్పుడూ కొట్టదే అనుకున్నాను. చూస్తే ఎర్లెండ్. టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

నా దగ్గరికే వస్తోంది. అర్థమైందా? నా దగ్గరికే బయల్దేరింది. బయల్దేరిన మనిషి చేరాలి కదా?

నువ్వు కూడా ఎర్లెండ్ లాగే చూస్తున్నావు. చూడు. ఇంకొకటి కూడా ఉంది.

బడ్జెట్ ఇచ్చే ముందు మాకు పాఠం చెప్పారు, చర్చి పక్క హాల్లో. యజమాని ఎలా ఉండాలో. నాకు చాలావరకు గుర్తులేదు గానీ ఒకటి మాత్రం రాయి మీద రాసినట్టు ఉండిపోయింది. పనిమనిషైనా ఎవరైనా సరే, పని అయిపోయిందని యజమానే చెప్పాలట. తన నోటితో, ఎదురుగా కూర్చోబెట్టుకుని. ఇంకొకళ్ళతో చెప్పించకూడదట. నలుగురిలో చెప్పకూడదట. కారణం చెప్పాలి, థాంక్స్ చెప్పాలి. అప్పటిదాకా ఆ మనిషి నీ మనిషే.

మరి మెర్రన్‌కి ఎవరు చెప్పారు?

పోలీసులు ఎర్లెండ్‌కి చెప్పారు. ఎర్లెండ్ నాకు చెప్పాడు. పాస్టర్‌గారు ఊరందరికీ చెప్పారు. మెర్రన్‌కి? చర్చిలో చెబుదామనుకున్నాను. కానీ పెట్టె మూసేశారు, పైగా చుట్టూ జనం. నలుగురిలో చెప్పకూడదు కదా. వచ్చేశాను.

అందుకని వస్తోంది.

రోజూ పొద్దున్నే. గొళ్ళెం లేస్తుంది, చలిగాలి వస్తుంది, తడి ఉన్ని వాసన. ఆ కుర్చీ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. నేను టీ పోస్తాను. ఏం మాట్లాడదు. కారణం తెలీని మనిషి ఏం మాట్లాడుతుంది?

భయమేస్తోందా? పోతే పో, నేనేం అనుకోను. చాలామంది పోయారు. కాదులే, నేనే పంపేశాను. ఒకావిడ వస్తూనే నా మొహం దగ్గర మొహం పెట్టి అరిచింది, చెవిటి గొర్రెపిల్లతో మాట్లాడినట్టు. ఇంకొకావిడ అడక్కుండా నా చెంచాలన్నీ సర్దేసింది. ఒకమ్మాయి మటుకు మంచిదే. పాపం, వెళ్ళి మెర్రన్ కుర్చీలో కూర్చుంది. వద్దన్నాను. అందరినీ వద్దన్నాను. వద్దనటం వచ్చు కదా నాకు!

ఎర్లెండ్‌కి ఒళ్ళు మండింది. "చచ్చిపోయినావిడ కోసం బతికున్నవాళ్ళని తరిమేస్తున్నావే పిచ్చిపిల్లా" అన్నాడు. ఆఫీసావిడ కూడా వచ్చింది. ఆవిడ చెడ్డదేం కాదు, మెల్లగానే చెప్పింది. పక్కన మనిషి లేకుండా నన్ను ఒంటరిగా ఉంచరట. ఇవాళ్టిలోగా ఎవర్నీ పెట్టుకోకపోతే ఈ ఇల్లు మూసేసి టౌన్లో నాలాంటివాళ్ళందర్నీ ఉంచే ఆ పెద్దింటికి పంపిస్తారట. చూశాను దాన్ని. శుభ్రంగానే ఉంది. అందరూ ఒకేసారి తింటారు. ఒకేసారి పడుకుంటారు. కిటికీకి దళసరి కర్టెన్లు. జూన్‌కి కూడా అవే కర్టెన్లు. గాలి ఎక్కడ వినపడుతుంది అని అడిగాను. ఫ్యాన్ చూపించారు.

నేనక్కడ చచ్చిపోతాను నెస్సా. నిజంగా కాదనుకో. కొంచెం కొంచెంగా.

ఇవాళ్టికి నువ్వే. నీ తర్వాత ఎవరూ లేరు. అందుకే వాడా హారన్ కొడుతున్నాడు. వాడిక్కూడా భయమే పాపం.

నువ్వు బాగున్నావు. నేనింతసేపు మాట్లాడితే ఒక్కసారైనా గడియారం చూడలేదు. సముద్రం చూశావు. రొట్టె మాడిన వైపు నాకు తెలీకుండా దాచి తిన్నావు. చూశాలే! నువ్వే నా మనిషివి అనుకుంటున్నా.

కానీ ఒక పనికి ఇద్దరిని పెట్టుకోకూడదు కదా. ముందు ఆవిడకి చెప్పాలి.

ఉండు. లేవకు. నలుగురిలో చెప్పకూడదు గానీ, ఒక్కరుంటే తప్పులేదేమో. నువ్వు సముద్రం వైపు చూడు. చెవులు మూసుకోక్కర్లేదు.

మెర్రన్...

మెర్రన్, నేను థోరాని. నీ యజమానిని. నీ పని... నీ పని అయిపోయింది మెర్రన్. ఇంక రానక్కర్లేదు. కారణం చెప్పాలి కదా. కారణమేంటంటే... నువ్వు చచ్చిపోయావు మెర్రన్. కట్ట మీద. నీకు తెలీదేమో, ఎవరూ చెప్పలేదు. నీ తప్పేం లేదు. నువ్వు ఆలస్యం చెయ్యలేదు. సముద్రమే తొందరపడింది. థాంక్స్. ఒడ్డుకి థాంక్స్. గాలికి థాంక్స్. నన్ను జూన్‌లో పడుకోబెట్టనందుకు థాంక్స్. ఆ హాల్లో పొగ లేదని నాకు తెలుసు. ఇంక వెళ్ళు. శాలువా కప్పుకుని వెళ్ళు, చలిగా ఉంది.

...

...

విన్నావా?

గొళ్ళెం. పడింది. ఇందాక లేచిందే, అదే ఇప్పుడు పడింది.

నా చెయ్యి పట్టుకున్నావేంటి? భయమా? నీ చెయ్యి కూడా చల్లగా ఉంది. ఉండనీ, తియ్యకు.

నీకొకటి చెప్పనా, ఎర్లెండ్‌కి చెప్పకూడదు. పాఠంలో దీని గురించేం చెప్పలేదు గానీ, నా మనిషివి కదా, నువ్వు చెప్పవు. ఆ గొళ్ళెం ఉందే... రోజూ నేనే తీసేదాన్ని. మెర్రన్ చేతుల నిండా సంచులుండేవి కదా, ఆవిడ తియ్యలేకపోయేది. కారు చప్పుడు వినపడగానే నేను లోపల్నుంచి ఎత్తేదాన్ని. అలవాటైపోయింది. ఆ తర్వాత కూడా రోజూ లేచి, ఎత్తి, తలుపు తెరిచి, చలిలో నిలబడేదాన్ని. మెర్రన్ పాత శాలువా ఇక్కడే ఉండిపోయింది, దాన్ని కాస్త తడిపేదాన్ని. ఆ కుర్చీలో నేనే కూర్చునేదాన్ని, వెచ్చబడేదాకా. తర్వాత లేచి, చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని.

నాకు తెలుసు. నా బుర్ర నిదానమే గానీ, నాకు తెలుసు. రోజూ తీసింది నేనే.

కానీ ఇవాళ నా చేతులు రెండూ బల్ల మీదే ఉన్నాయి. నువ్వు చూశావు.

పోనీలే. ఏమో. గాలే అనుకుందాం. గాలికి చాలా గొంతులున్నాయి, కొన్ని గొళ్ళేల్లో కూడా ఉంటాయేమో.

అదుగో, మళ్ళీ హారన్. వెళ్ళి ఆ గొర్రెల కాపరితో చెప్పు, నెస్సా ఒప్పుకుందని చెప్పు. ఒప్పుకున్నావు కదా? ఊఁ అను. ఆఁ, అలా. సోమవారం రా. ముందు తలుపు వద్దు, అది పోలీసులకీ పాస్టర్లకీ. వెనక తలుపులోంచే రా. సంచులు కింద పెట్టి, గొళ్ళేన్ని కాస్త ఎత్తి, భుజంతో తోస్తే వస్తుంది.

గొళ్ళెం నువ్వే తీసి రావాలి. ఇంక నేను తియ్యను.