అక్క పేరున కొన్న జీడితోట

నర్సీపట్నంలో కొన్నేళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్న డాక్టరు ఆఖరి రోగిని పంపించి బయటికి చూసేసరికి, కోటవురట్ల నుంచి వచ్చిన అక్క గుమ్మం పక్క బెంచీ మీద కూర్చుని ఉంది.

"రోగుల్తో పాటు కూకున్నావేటక్కా? లోపలికి రాకపోయావా?"

"జీడితోట అమ్మీసేర్రా మీ బావ. నేనే సంతకం పెట్టేను."

తమ్ముడు ఆమెని లోపలికి తీసుకొచ్చి బల్ల ముందు కూర్చోబెట్టాడు.

"అది నా తోట కదక్కా."

"నీదే. నీ పేరున కొంటే ఇన్‌కంటేక్సోళ్ళు పట్టుకుంటారని నా పేరున రాయించేవు. అక్క పేరునుంటే బ్యాంకులో ఉన్నట్టేనన్నావు."

"విశాఖపట్నంలో పై చదువుకి సీటొచ్చిందని చెప్పాను కదా. ప్రాక్టీసు మూసీసి, తోట అమ్ముకుని బతుకుతూ చదువుదామనుకున్నాను."

"ఆ మాటా మీ బావకి సెప్పేను. కోర్టుకెళ్ళమను, లెక్క సూపని డబ్బు ఎక్కడిదో జడ్జీగారికే సెప్పుకోమను అన్నారు."

అతను స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టాడు.

"సంతకం పెట్టనంటే ఏం చేసేవాడు?"

"పిల్లల్ని ఒగ్గీసి పుట్టింటికి పొమ్మన్నారు."

"మరి ఈ ముక్క చెప్పడానికే వచ్చావా?"

"కాదు. ఆయనకి జ్వరం. బేగి మందు రాసియ్యి, బస్సెళ్ళిపోద్ది."

అతను రాసిచ్చాడు. ఆమె కొంగుముడి విప్పి నోటు బల్ల మీద పెట్టింది.

"ఇదేటి?"

"ఫీజు. నీ రుణం ఉంచుకోరంట. ఇచ్చీసి రమ్మన్నారు."

"మళ్ళీ ఎప్పుడొస్తావక్కా?"

"జ్వరం తగ్గకపోతే."