నాలుగు లైన్ల ప్యాచ్

నౌకరి వచ్చిందా, వచ్చిందా అని పానం తియ్యకు ఎల్లవ్వ చిన్నమ్మా! జర గోడకు ఆనుకోనియ్యి. నువ్వు నీ చీరల దారాలు కత్తిరించుకో. నాకు ఆకలి లేదు, ఏం లేదు.

ప్యాచ్ పోలేదా అంటవా? పోయింది, తిరిగొచ్చింది, మళ్ళ పోయింది... అయ్యో, ప్యాచ్ అంటే అతుకే చిన్నమ్మా! చినిగిన కాడ ముక్క ఏస్తం చూడు, అట్ల. నేను పని చేసే దినేశ్ సేఠ్ డిజైన్ దుకాణంల, చీర బొమ్మను మగ్గానికి అర్థమయ్యేటట్టు మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది గద. ఊరికే దొరికేది. లోపల ఎట్ల రాసిండ్రో ఎవరన్న చూడొచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు.

దాంట్ల తప్పు నేను పట్టిన! బొమ్మ వెడల్పును ఎనిమిదితోని భాగిస్తది, శేషం మిగిల్తే ఆ దారాలను పారేస్తది. వెయ్యిన్నీ నాలుగు దారాలుంటే ఆఖరి నాలుగు మాయం. అంచు తెగుతది. నోటిలెక్కతోనే దొరికింది. నాలుగు లైన్లు రాస్తే సాఫ్.

డిగ్రీ లేదు గద నాకు. నౌకరి అడగపోతే, ఈ సూరత్‌లనే ఇచ్ఛాపూర్ కంపెనీ మేనేజర్ భానుప్రకాశ్ సార్ ఏమన్నడు? "సర్టిఫికెట్ లేకుంటే పాయె. నీ పేరు మీద ఒక్క ప్యాచ్ ఒప్పుకున్నట్టు చూపియ్యమ్మా, తీసుకుంట" అన్నడు. ఒక్కటంటే ఒక్కటి!

ఉరుకులాడి పంపిన. ఆ సాఫ్ట్‌వేర్ బాగోగులు చూసే సుమతి మేడమ్ వాపస్ చేసింది. అంచు తప్పు దిద్దుడుతోపాటు తెర మీది బటన్ల రంగు గూడ మార్చిన, లైన్లన్నీ వరుసకు సర్దిన. "ఒక్క ప్యాచ్‌ల ఒక్కటే పని. నియమాలు చదవలేదా?" అని అడిగింది. ఎవరు చదువుతరు చిన్నమ్మా, గంత పొడుగుంటయి! రెండోసారి అంచు ఒక్కటే పంపిన. "ఏం మార్చినవో మాకు కనబడుతుంది, ఎందుకు మార్చినవో రాయి" అన్నది. సరే, రాసిన.

మూడోసారి... నవ్వకు, చెప్త! పంపినోళ్ళ పేరు కాడ దినేశ్ సేఠ్ దుకాణం పేరు పడ్డది. కంప్యూటర్ ఆయనది, దాంట్ల ముందుగాలే ఆయన పేరుంది. నేను చూసుకోలే. ఇగ మేడమ్ పట్టుకుంది. "ఇది నీదా, దుకాణానిదా? దుకాణానిదైతే వాళ్ళ ఒప్పుకోలు తే. నీదైతే, 'నేను రాసిన, ఇచ్చే హక్కు నాకుంది' అని అసలు పేరుతోని సంతకం పెట్టు."

సేఠ్‌ను అడిగిన. అగ్గయిండు! "కంప్యూటర్ నాది, కరెంట్ నాది, తాగిన చాయ్ గూడ నాది. నా టైంల ఊరోళ్ళ పని చేసినవా? తుడిచేయ్" అని నాతోనే తుడిపించిండు. మేడమ్‌కు పంపింది మాత్రం ఆమె కాడ అట్లనే ఉన్నది.

ఏందీ? ఊకె సంతకం పెట్టేయ్ అంటవా? సూరత్ దాకా ఎవరొచ్చి చూస్తరు అంటవు. ఎవరూ రారు, అదే గద తిప్పలు! పేరు గూడ టైపు కొట్టిన. "హక్కు నాకుంది" కాడ చెయ్యి ఆగింది. సేఠ్ వద్దన్నదాన్ని నాదని ఎట్లంట? ఇంట్ల కూసొని మళ్ళ రాసినా అవే నాలుగు లైన్లు.

వాపస్ తీసుకున్న. తప్పు ఏడుందో, శేషం కాడ లెక్క ఎట్ల గడబడ అయితదో మాత్రం వివరంగ రాసి పంపిన. తప్పు చూపనీకి ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదట.

ధీరజ్ అని ఎవరో, ఏ ఊరో ఏమో, నేను రాసింది చదివి అన్నం తిన్నంత సేపట్ల దిద్ది పంపిండు. మేడమ్ ఒప్పుకున్నది. ప్యాచ్ ధీరజ్‌ది. కింద చిన్నగ, "తప్పు చూపింది తేజశ్రీ" అని ఒక్క లైన్.

భానుప్రకాశ్ సార్‌కు అదే చూపెట్టిన. ఫోన్ దగ్గరికి పెట్టుకొని చదివి, "దిద్దింది నువ్వు కాదు గదమ్మా" అన్నడు. అవు, కాదు. ఇగ నౌకరి ఏడిది?

పొద్దుగాల కొత్త వెర్షన్ సేఠ్ కంప్యూటర్‌ల నేనే ఎక్కించిన. అంచు పూరాగ వచ్చింది. సేఠ్ మురిసిపోయి, "దేఖ్ తేజశ్రీ, ఎవరో ముఫ్త్‌ల బాగుచేసి పెట్టిండ్రు. నువ్వు గూడ ఇసొంటి పని నేర్చుకోరాదు?" అన్నడు.

నేనేమంట చిన్నమ్మా! "జీ సేఠ్, నేర్చుకుంట" అన్న.