ఊడవని నేల

ఒకప్పుడు రోమన్లు ఏలిన ఎల్ జెమ్ ఊళ్లో ఒక ఇంట మురుగు గొట్టం కోసం వంటగది తవ్వితే, కింద రోమన్ల నాటి రంగురాళ్ల నేల బయటపడింది. అత్తగారు దాని మీద చెంబుడు నీళ్లు పోసి, చీపురు అందుకుంది.

"అది నిజం చేప ముల్లు కాదత్తయ్యా. రాళ్లతో పేర్చిన బొమ్మ," అంది కోడలు.

"చేప ముల్లు, ఆల్చిప్పలు, కోడి కాలు. ఎంగిలిని ఎవరైనా బొమ్మగా వేయించుకుంటారా, బుద్ధి లేకపోతే సరి."

"ఎంత తిన్నారో చుట్టాలకి చూపించుకోడానికట. బళ్లో ఉన్నప్పుడు మ్యూజియంలో చెప్పారు."

"సరేలే. రేపు మేస్త్రీ వచ్చి సిమెంటు పోసేస్తాడు. మ్యూజియం వాళ్లకి తెలిసిందంటే నీ వంటగది నీకు దక్కదు."

"రంజాన్ నుంచీ వాకిట్లోనే వండుతున్నాను. నడుం పడిపోయింది."

"అందుకే చెప్తున్నా, నోరు మూసుకుని పోయించుకో."

"బొమ్మలో ఎంగిలి ఉంది, తిన్నవాళ్ల గొప్ప ఉంది. ఇదంతా ఎత్తిపోసిన ఆడమనిషి ఎక్కడుందత్తయ్యా?"

"ఎక్కడుంటుంది. పొద్దున్నే లేచి ఊడ్చుకుని ఉంటుంది, నీలాగే."

కోడలు అత్తగారి చేతిలోంచి చీపురు తీసుకుని గోడకి ఆనించింది.

"మేస్త్రీని రావద్దనమని మీ అబ్బాయితో చెప్పండి."

"మరి వంటో?"

"వాకిట్లోనే. మ్యూజియం వాళ్లకి కబురు పెడతాను. వాళ్లు వచ్చినప్పుడు, ఇదంతా ఊడ్చిన ఆవిడ సంగతి ఏమైనా తెలుసేమో అడుగుతాను."