గుంజకు గుచ్చిన చీటీ

సుంకులమ్మ అని ఒకామె ఉండేదంట, బండల గనిలో తట్టలు మోసేది. మొగుడు మద్దిలేటి, సమ్మెట పనోడు. ఆ గనిలో పద్ధతి ఎట్లుండేదంటే, సందకాడ అందరూ పైకెక్కినాక ఒకాయన వచ్చి బండ పగలడానికి మందు తూటాలు పేల్చేవాడు. ఏది పేలిందో, ఏది పేలకుండా లోపలే ఉందో చీటీ రాసి, గని గట్టు మీది గుడిసె గుంజకు గుచ్చి, ఇంకో గనికి పోయేవాడు. పేలనిదాని మీద సమ్మెట పడితే మనిషి మిగలడు, అందుకే పొద్దున ఆ చీటీ చదివితే గానీ ఎవరూ దిగకూడదు. చదివేదెవరు? అంతమందిలో గుమాస్తా ఒక్కడే. బడేమో రెడ్ల వీధిలో, అనుకో. మన పిల్లోళ్లు గడప దగ్గర నిలబడితే, మీకు చదువొస్తే బండలెవరు కొడతారురా అని తరిమేటోళ్లంట. గుమాస్తా తిని, నడుం వాల్చి, తీరిగ్గా వచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చేది. అంతదాకా అందరూ సమ్మెటలు పక్కన పెట్టుకుని కూర్చోవాల్సిందే. "పక్క గనిలో దినానికి రెండు బండ్ల రాయి లేస్తాంటే మనకు ఒకటీ నిండదేమిరా, సోంబేరి నా కొడకల్లారా" అని గని ఆసామి ఓబుళరెడ్డి తిట్టేవాడు. చూసినారా, చదువు రానీకుండా కూర్చోబెట్టిందీ ఆయనే, సోంబేర్లన్నదీ ఆయనే.

ఒకనాడు ఏమైందంటే, మధ్యాహ్నమైనా గుమాస్తా రాలేదు. రెడ్డే వచ్చినాడు. చీటీ పీకి, ఒక్క చూపు చూసి, "అన్నీ పేలినాయి, దిగండిరా" అన్నాడంట. ఆయన గుట్టు మీకు చెప్తా. చిన్నప్పుడు ఆ బడికి నాలుగు దినాలు పోయి, ఐదోనాడు బెత్తం చూసి పరిగెత్తినోడు. ఒక్కక్షరం రాదు. గనిలో ఎవరికీ తెలీదు. మద్దిలేటి సమ్మెట భుజానేసుకుని నిచ్చెన మీద కాలు పెట్టినాడు. ఒక మెట్టు. రెండు మెట్లు. సుంకులమ్మ పోయి మొగుని చెయ్యి పట్టుకుంది. "ఆగయ్యా. సామీ, గుమాస్తా చదివేటప్పుడు కన్ను పక్కకు నడుస్తాది. నీ కన్ను నిలబడిపోయింది." "ఏం కూసినావు మే?" అని రెడ్డి ఉరిమినాడు. "ఏమీ లేదు రెడ్డీ. అన్నీ పేలినాయంటివి గదా, నువ్వు ముందు దిగు. నీ వెనక మావోడు." మద్దిలేటి పైకొచ్చి దారిచ్చినాడు. రెడ్డి ఒక కాలు మెట్టు మీద పెట్టినాడు. కిందికి చూసినాడు. రెండో కాలు లేవలేదు. మెడెనక చెమట కారతాంది. "గుమాస్తాను పిలుచుకురాండి" అన్నాడు, సన్నగా.

గుమాస్తా జొరంతో కంబళి కప్పుకుని వచ్చి చదివినాడు. ఉత్తరం మూల రెండు తూటాలు పేలలేదంట. మద్దిలేటి రోజూ సమ్మెట దించే చోటే అది. సుంకులమ్మ మొగుని భుజం మీది సమ్మెట తీసి నేల మీద పెట్టింది. ఒకటే మాట అన్నదంట, "జట్టుకొకరు చదివేటోళ్లు వచ్చేదాకా సమ్మెట లేవదు." మూడు దినాలు లేవలేదు. నాలుగోనాడు రెడ్డే అయ్యవారిని తెచ్చి, పని అయిపోయినాక గుడిసెలో దీపం పెట్టించి చదువు చెప్పించినాడు. ఏడాది తిరిగేసరికి తెల్లారగానే చీటీ చదవడం, దిగడం. దినానికి మూడు బండ్లు. అదంతా నా మంచితనమే అని చెప్పుకున్నాడంట రెడ్డి.

మంచితనమంట! బండ్లు నిండకపోయింటే ఆ దీపంలో చమురు పోసేవాడా? ఆ రాత్రిబడి మా కాలందాకా సాగింది. గడ్డం నెరిసినాక నేనూ పోయి కూర్చున్నా. అయ్యవారు "ఇంక చాల్లే తాతా" అన్నా లేవలేదు. ఇప్పటికీ ఎవరన్నా కాగితం తెచ్చి అంతా బాగుందంటే, ముందు వాని కన్ను చూస్తా. ఆనక ఇటివ్వు అంటా.