మంట లేని మందు

మూడో అంతస్తులో ఒంటిగది ఇల్లు, మధ్యాహ్నం. కిటికీ పక్కన స్టూలు మీద అమ్మమ్మ. వెనక నిలబడి ఆమె తలలో పాయలు తీసి చూస్తున్నది, ఇళ్ళకు వచ్చి మందు రాసే నర్సు.

“కదలకండి అమ్మమ్మా. ఇదేంటిది?”

“ఏది?”

“నుదుటి పైన, జుట్టు మొదట్లో. ఎర్రటి దారాల్లా సన్నసన్నగా నరాలు కనపడుతున్నాయి. పోయినసారి లేవు.”

“వయసు, నర్సమ్మా. ఈ వయసులో నరాలు కనపడక ఇంకేం కనపడతాయి?”

“చెవుల వెనక కూడా. చర్మం ఉల్లిపొరలా అయిపోయింది. వేలు పెడితే చిరిగేలా ఉంది.”

“అయితే వేలు పెట్టకు, దువ్వు చాలు. నీకు చెప్పానా, మా ఆయనకి ముప్పై ఏళ్ళకే బట్టతల. నాకు చూస్తే తలనిండా పొలుసులు. ఇద్దరికీ కలిపి ఒక్క తలైనా సరిగ్గా లేదే అని నవ్వేవాడు.”

“చెప్పారు. మాట మార్చకండి. గదిలో ఈ స్పిరిట్ వాసనేంటి?”

“పౌడరు.”

“పౌడరుకి ఈ వాసన రాదు.”

“కొత్తరకం పౌడరు.”

“అమ్మమ్మా.”

“ఏం తల్లీ?”

“దిండు కింద ఏముంది?”

“దిండు కింద మంచం ఉంది.”

“మంచం మీద ఈ ప్లాస్టిక్ కవరూ, రబ్బరుబ్యాండూ ఎందుకున్నాయి?”

“దిండు గలీబుకి మరకవుతోందని తలకి తొడుక్కుంటున్నా. ఉతికేదెవరు? నేనేగా.”

“నేను రాసేది మరక చెయ్యదే. సీసా ఎక్కడుంది?”

“ఏ సీసా?”

“మీరే తీస్తారా, నన్ను వెతకమంటారా?”

“...పంచదార డబ్బా వెనకాల.”

“అయ్యో, ఇది... ఇది మొదట్లో డాక్టరుగారు రాసిచ్చిన స్టెరాయిడ్ లోషన్. ఘాటు మందు. మీకెలా వచ్చింది?”

“కింద షాపులో. పాత చీటీ పట్టుకెళ్ళా. అతను చీటీ చూడనైనా చూళ్ళేదు, నా మొహం చూసి ఇచ్చేశాడు.”

“ఎప్పట్నుంచి రాస్తున్నారు?”

“మొన్నట్నుంచి.”

“మొన్నంటే?”

“మూడు వారాలు.”

“రోజూనా?”

“రోజూ. పొద్దునొకసారి, పడుకోబోయే ముందొకసారి.”

“రెండుసార్లా! పైన కవరు కట్టుకునా! గాలి ఆడకుండా కడితే ఆ మందు ఎన్నో రెట్లు లోపలికి దిగుతుంది. పొలుసున్న చోట, పాయ తీసి, చర్మం మీద నాలుగే చుక్కలని ఎన్నిసార్లు చెప్పాను? మరి నుదుటికెందుకు పట్టించారు? చెవుల వెనకెందుకు?”

“ముందుజాగ్రత్తకి.”

“రోగం లేనిచోట ముందుజాగ్రత్తేంటండీ! అక్కడి చర్మం అసలే పల్చన. డాక్టరు చెప్పకుండా అక్కడ రాయకూడదు. చేతులైనా కడుక్కునేవారా?”

“ఎందుకు కడుక్కోనూ? కళ్ళు నలుపుకున్నాక గుర్తొచ్చేది.”

“నా ప్రాణం తీస్తున్నారు. మరి పొయ్యి? ఇందులో స్పిరిట్ ఉంటుంది, తల ఆరేదాకా మంట దగ్గరికి వెళ్ళకూడదని...”

“స్పిరిట్ సంగతి నాకు నేర్పుతావా? పుస్తకాల బైండింగు షాపులో ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను. చేతికంటిన జిగురు దాంతోనే తుడుచుకునేవాళ్ళం. అందుకే కనిపెట్టేశా.”

“ఏం కనిపెట్టారు?”

“నువ్వు రాసేదాన్లో స్పిరిట్ లేదని. మొదట్లో చల్లగా తగిలి సుర్రుమనేది. ఈ నాలుగైదు వారాల్నుంచీ మంటే లేదు. పాలలాగా జారిపోతోంది.”

“అది... అది వేరే రకం.”

“నీళ్ళు కలిపి ఇస్తున్నారేమో అనుకున్నా. అడిగితే నీ మీదికొస్తుందని ఊరుకున్నా. నా మంట నేనే కొనుక్కున్నా.”

“నన్నడగాల్సింది అమ్మమ్మా. ఒక్క మాట అడగాల్సింది.”

“అడిగితే ఏం చెప్పేదానివి?”

“ఏదో ఒకటి చెప్పేదాన్ని.”

“ఏదో ఒకటంటే?”

“మీ తల శుభ్రంగా ఉంది కదా! వెతికినా పొలుసు లేదు. ఇంక మందెందుకు మీకు?”

“నీ మంట లేని మందుకి అవి మళ్ళీ వచ్చేస్తాయని. వస్తే నువ్వు రావడం మానేస్తావని.”

“నేను వచ్చిందే వాటి కోసం. నేనెందుకు మానేస్తాను?”

“మొదట్లో అందరూ జాలిపడి వస్తారు. మళ్ళీ మళ్ళీ రాలుతుంటే విసుగొస్తుంది.”

“అది అంటురోగం కాదని...”

“కాదని నాకు తెలుసు. తెలియాల్సినవాళ్ళకి తెలియలేదు. బైండింగు షాపులో, నల్లగుడ్డ అట్టల మీద నా పొట్టు రాలితే సూపర్‌వైజరు ఉఫ్ మని ఊదేవాడు, అందరూ చూసేలా. ఎనిమిదిమంది ఆడవాళ్ళం ఒకే బల్ల దగ్గర కుట్టేవాళ్ళం. ఓరోజు వెళ్ళేసరికి నా స్టూలు కటింగ్ మిషను పక్కన మూలకి పోయుంది. ఎవరు జరిపారని నేనడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. పంతొమ్మిదేళ్ళు ఆ మూలే. మిషను చప్పుడులో ఏమీ వినపడేది కాదు. వాళ్ళు నవ్వితే నేనూ నవ్వేదాన్ని, ఎందుకో తెలియకుండానే.”

“మరి ఇంట్లోవాళ్ళు?”

“ఆయన ఉన్నన్నాళ్ళు ఆయన దువ్వేవాడు. పోయాక ఎవరూ లేరు. మా చెల్లెలు ఏడాదికోసారి వస్తుంది. వచ్చి తన దువ్వెన తన సంచిలోనే దాచుకుంటుంది. దాన్ని తప్పు పట్టను. నువ్వొచ్చిన మొదటిరోజు, చేతులు కడుక్కొచ్చి, ఒక్క మాట అడక్కుండా తలలో వేళ్ళు పెట్టావు చూడు. నాకు ఏడుపొచ్చేసింది. మందు మండిందని నీకు అబద్ధం చెప్పా.”

“తెలుసు.”

“ఎలా తెలుసు?”

“నేనింకా సీసా మూత తియ్యలేదప్పటికి.”

“ఓసి నీ... ఇన్నాళ్ళూ చెప్పలేదే!”

“మీరూ చెప్పలేదుగా. సరే, వినండి. ఈ సీసా నేను పట్టుకెళ్తున్నా. రేపు పొద్దున్నే మనిద్దరం డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాం. ఇంత గట్టిగా వాడి ఉన్నట్టుండి మానేస్తే ఒక్కోసారి రోగం ఎదురు తిరుగుతుంది. ఎలా తగ్గించాలో ఆవిడే చెప్పాలి.”

“తిడుతుందా?”

“తిట్టాల్సింది మిమ్మల్ని కాదులెండి.”

“చర్మం మళ్ళీ మామూలవుతుందా?”

“చాలావరకు అవుతుంది. టైం పడుతుంది.”

“పొలుసులు మళ్ళీ వస్తే?”

“వస్తే మళ్ళీ రాస్తాం. చెప్పిన చోట, చెప్పినంత, చెప్పినన్ని రోజులు. మందంటే భయపడొద్దు. మీ ఇష్టమొచ్చినట్టు మాత్రం పుయ్యొద్దు.”

“నువ్వింకా వెళ్ళవా? ఎప్పుడొచ్చావో ఏమో, ఇంటిదగ్గర ఎదురుచూడరూ?”

“నా గదిలో నాకోసం ఎదురుచూసేది ఫ్యానొక్కటే.”

“నాకు ఆ ఫ్యానైనా లేదు, పాడైంది. పొలుసులుంటే ఎవరూ దగ్గరికి రారు, పోతే నువ్వు రావు. ఇదెక్కడి రోగమో చెప్పు తల్లీ!”

“తల ఇటు తిప్పండి అమ్మమ్మా, దువ్వుతాను.”

“మాట మార్చకు. సర్లే, నేనే చెప్తున్నా. నువ్వు రోగుల సంగతులు రాసుకునే పుస్తకం తియ్యి. ఈవిడకి నయమైపోయింది, ఇంక వెళ్ళక్కర్లేదని రాసుకో. రోగం ఇంకా ఉందని నీ చేత అబద్ధం రాయించి నీ ఉద్యోగం మీదికి తేను. కింద వేలిముద్ర కాదు, సంతకమే పెడతా. నాకొచ్చు.”

“పుస్తకం తేలేదు అమ్మమ్మా.”

“అయితే రేపు డాక్టరమ్మ దగ్గర రాయి. ఆవిడ ముందే పెడతా.”

“రాయడానికేం లేదు. మీకు నయమైందని ఐదు వారాల కిందటే రాసిచ్చేశాను. డాక్టరుగారు మందు ఆపమన్నారు, ఆపేశాను. మంట లేదన్నారే, అది చర్మం ఎండకుండా పూసుకునే లోషన్. నా డబ్బుతో నేను కొన్నది.”

“ఐదు వారాల కిందటా? మరి నిన్ను పంపుతున్నదెవరు?”

“ఎవరూ పంపట్లేదు. నేనే వస్తున్నా.”