ఒక్క మీటతో ప్రపంచం బాకీలు తీర్చినవాడు

"రారా వెల్డరూ, కూర్చో. మీ అమ్మకి ఆపరేషన్ ఎప్పుడన్నారు?" ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న టీకొట్టు బెంచీ మీద జరిగి చోటిచ్చాడు క్యాషియర్ బాబాయ్.

"డబ్బు కడితే రేపే చేస్తామన్నారు బాబాయ్. కట్టకపోతే మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఫ్యాక్టరీకి గేట్లు చేసిచ్చిన బిల్లు ఇంకా రాలేదు."

"వస్తుందిలే! బిల్లుల సంగతి నన్నడుగు. అసలు ఈ కంపెనీ చెల్లింపులన్నీ ఒక్క చోటికి లాక్కొచ్చింది ఎవరనుకున్నావ్?"

"మొదలెట్టాడు," అంది టీకొట్టు అక్క గ్లాసులు కడుగుతూ నవ్వి.

"నవ్వకమ్మా. ఇదివరకు బ్రాంచికో క్యాషు పెట్టె, పెట్టెకో తాళం, తాళానికో నాలాంటి మనిషి. ఒకడు ఇక్కడ సిమెంటు బస్తాకి ఒక ధర కడతాడు, ఇంకొకడు అక్కడ అదే బస్తాకి రెట్టింపు కడతాడు. నాకు ఒళ్లు మండింది. తిన్నగా పెద్దాఫీసుకి వెళ్లి, పెట్టెలన్నీ మూసేయండి, ఒక్క ఖాతా ఉంచండి, దానికో మీట పెట్టండి, మీట మీద నా వేలు పెట్టండి అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న లారీ డ్రైవరు.

"పెద్దాయన లేచి కుర్చీ నాకిచ్చి తను నిలబడ్డాడు! ఒక్క నొక్కు నొక్కానా, నలభై ఊళ్లలో జీతాలు పడ్డాయి. ఒకరోజు జలుబు చేసి తుమ్మితే వేలు జారి రెండోసారి నొక్కుకుపోయింది. అందరికీ రెండు జీతాలు! ఒక్కడంటే ఒక్కడు తిరిగిచ్చాడా?"

"నాకు పడలేదే?" అన్నాడు డ్రైవరు.

"నువ్వు కాంట్రాక్టు మనిషివి, ఊరుకో. అయినా డబ్బంటే ఏంటనుకున్నారు, కాగితమా? నేను నీకివ్వాలి, నువ్వు అక్కకివ్వాలి, అక్క పాలాయనకివ్వాలి, పాలాయన నాకివ్వాలి. చెల్లుకు చెల్లు! పైసా కదలకుండా బాకీలన్నీ పోయాయి. నేను చేసింది అదే. ముందు మా బ్రాంచీలవి కొట్టేశాను. పక్క కంపెనీలవాళ్లు కాళ్లావేళ్లా పడితే వాళ్లవీ కొట్టేశాను. ఆ మీదట దేశాలు లైను కట్టాయి. దేశాలంటే మంత్రులే, ఫైళ్లు చంకన పెట్టుకుని, మన క్యాంటీను మెట్ల దాకా! టీ కూడా ముట్టకుండా నొక్కుతూ పోయాను. భోజనాల వేళకి ఏమైందో తెలుసా? ప్రపంచంలో ఎవడూ ఎవడికీ బాకీ లేడు! డబ్బుకి పనిలేక వీధిలో పడుంటే జనం దాన్ని తొక్కుకుంటూ నడిచిపోయారు."

"మరి నా టీ డబ్బులు అలాగే ఉన్నాయే అన్నయ్యా?"

"అది చిల్లర పద్దమ్మా. చిల్లర జోలికి మీట రాదు."

అందరూ పగలబడి నవ్వారు. వెల్డరు ఒక్కడే నవ్వలేదు.

"అయితే నువ్వేనన్నమాట," అన్నాడు.

"నేను కాక ఇంకెవడు?"

"నీ క్యాషు కిటికీ మూయించిందీ నువ్వే." వెల్డరు లేచి నిలబడ్డాడు. "పోయినేడు మా పాపకి జ్వరం ముదిరితే ఆ కిటికీ తట్టాను. బిల్లు పాసవ్వలేదు. అయినా నా మొహం చూసి పెట్టె తెరిచావు. సంతకం తర్వాత చేద్దువులే, ముందు వెళ్లు అన్నావు. ఇప్పుడు పెద్దాఫీసుకి ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి, అన్నీ నెలాఖరుకి ఒకేసారి పడతాయి, మధ్యలో మేమేం చేయలేం అంటోంది. మా అమ్మకి రేపటి దాకానే టైముంది. ఆ మీట నువ్వే పెట్టించావు కదా! పద బాబాయ్, నాకోసం ఒక్కసారి నొక్కు."

బాబాయ్ టీ గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు.

"నేను కాదురా," అన్నాడు. "నన్నెవడడిగాడు? ఒకరోజు పొద్దున్నే డ్యూటీకి వెళ్లేసరికి కిటికీకి చెక్క కొట్టేసి ఉంది. తాళంచెవి ఇచ్చేసి వెళ్లమన్నారు. ఆ పెద్దాఫీసు ఏ ఊళ్లో ఉందో కూడా నాకు తెలీదు."

"నిజంగా నువ్వు కాదా?"

"మా అమ్మ మీద ఒట్టు."

వెల్డరు మళ్లీ బెంచీ మీద కూలబడ్డాడు.

"నువ్వే అయ్యుంటే బాగుండేది బాబాయ్," అన్నాడు. "అడగడానికి ఒక మనిషైనా ఉండేవాడు."